ఆటో సీపాప్ మెషీన్ రివ్యూ: కీహోల్ పేగు ఆపరేషన్ ఉన్నవాళ్ల కోసం

సీపాప్ అంటే నిద్రలో మాస్క్‌లోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషీన్. వీటి మీద రివ్యూలు బోలెడున్నాయి, కానీ అన్నీ ఒకే తీరు. శబ్దం లేదు, మాస్క్ మెత్తగా ఉంది, గురక పోయింది, ఐదు స్టార్లు, అయిపోయింది. స్లీప్ అప్నియా ఉన్న మనిషికి కడుపు ఆపరేషన్ పడితే ఈ మెషీన్ ఎంతవరకు ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది మాత్రం ఎవరూ రాయరు. నాకు పెద్దపేగు లోపలి గోడ మీద పాలిప్ అనే కండ ఒకటి పెరిగింది, కొలనోస్కోపీతో (కింది నుంచి కెమెరా గొట్టం పంపి) తీయలేనంత పెద్దది. కుడివైపు పేగు కొంత కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న కోతల్లోంచి కెమెరా పెట్టి, తీసేశారు. అప్నియా ఉన్న సంగతి ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల్లోనే బయటపడింది, దాంతో ఈ మెషీన్ హడావుడిగా ఇంట్లోకి వచ్చింది. వాడి చూశాక, దీని మీద జరిగిన పరిశోధనలు కూడా కాస్త చదివాక రాస్తున్నాను. నా మార్కులు 5కి 4. కోసేసిన ఆ ఒక్క మార్కూ మాస్క్ ఖాతాలో వేసుకోండి, మెషీన్‌కి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ముందు రెండు ముక్కల్లో ఈ స్లీప్ అప్నియా జబ్బు సంగతి. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి గాలిదారి మూసుకుపోతుంది, కనీసం 10 సెకన్లు ఊపిరి ఆడదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి కాస్త మెలకువ తెప్పిస్తుంది, గొంతు తెరుచుకుంటుంది, కాసేపటికి మళ్లీ అదే కథ. పూర్తిగా ఆగినవీ, సగం ఆగినవీ కలిపి గంటకి సగటున ఎన్ని వచ్చాయో లెక్కేస్తే అది ఏహెచ్ఐ. 5 లోపు ఉంటే మామూలే, 15 దాకా కొద్దిపాటి, 30 దాకా మధ్యస్థం, అది దాటితే తీవ్రం. నాది తీవ్రం. మనిషికేమో రాత్రి ఇంత యుద్ధం జరిగినట్టు ఏమీ తెలియదు, పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం కునుకుపాట్లు, అంతే.

దీన్ని పట్టుకున్నది సర్జన్ కాదు, మత్తు డాక్టరుగారు. స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నలుంటాయి, టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం తయారుచేసి 2008లో ప్రచురించింది. గురక ఉందా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బరువు, వయసు, మెడ చుట్టుకొలత, ఆడా మగా. మూడుకి అవునంటే అనుమానించాలి, ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గట్టిగా అనుమానించాలి. మగవాళ్లకి ఊరికే ఒక పాయింట్ వస్తుంది కాబట్టి ఆడవాళ్లం ఇందులో తక్కువ స్కోరు చూపిస్తాం. పైగా ఆడవాళ్ల గురక గురించి ఇంట్లోవాళ్లు మర్యాద కోసం పైకి అనరు. మా ఆయన కూడా డాక్టరుగారు నేరుగా తనని అడిగితే గానీ "మధ్యమధ్యలో ఊపిరి ఆగుతుందండీ, నేనే కదిపి లేపుతాను" అని చెప్పలేదు! నాకు ఆపరేషన్ ఉందని తెలిసి కూడా.

ఆ ప్రశ్నలు ఎందుకంత ముఖ్యమో 2019లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చూస్తే తెలుస్తుంది. గుండె సంబంధం లేని పెద్ద ఆపరేషన్లకి వచ్చిన 1,218 మందికి ముందు నిద్ర పరీక్ష చేశారు. వాళ్లెవరికీ అంతకుముందు అప్నియా ఉందని చెప్పినవాళ్లు లేరు. తీరా చూస్తే మూడింట రెండొంతుల మందికి ఉంది. ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో గుండె, రక్తనాళాల ఇబ్బందులు వచ్చినవాళ్లు, అప్నియా లేనివాళ్లలో 14 శాతం, తీవ్రంగా ఉన్నవాళ్లలో 30 శాతం. అంటే ఆ ఎనిమిది ప్రశ్నల కాగితాన్ని ఫార్మాలిటీ అనుకుని టకటకా టిక్కులు పెట్టి ఇచ్చేయకండి.

"కీహోలే కదా, బొడ్డు దగ్గర చిన్న కోత, దానికీ ఊపిరికీ ఏం సంబంధం" అని మా బంధువుల్లో సగం మంది అడిగారు. సంబంధం చాలానే ఉంది. లోపల కెమెరా తిరగాలంటే చోటు కావాలి కాబట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి గుడారంలా లేపుతారు, ఒత్తిడి సుమారు 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. ఆ ఒత్తిడికి డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు తెర) ఛాతీలోకి తోసుకుపోతుంది, ఊపిరితిత్తుల అడుగు భాగం నలిగి అక్కడక్కడ ముడుచుకుపోతుంది. ఎక్కించిన గ్యాస్ కొంత రక్తంలోకి ఇంకుతుంది, దాన్ని వెంటిలేటర్ ద్వారా బయటికి పంపాలి. ఆపరేషన్ కింది పేగుకైతే తల కిందికి వాల్చి గంటల తరబడి ఉంచుతారు, అప్పుడు ముఖమూ గొంతూ కూడా నీరు పట్టి ఉబ్బుతాయి, అసలే ఇరుకుగా ఉన్న గొంతు ఇంకా ఇరుకవుతుంది. ఇవన్నీ సంభాళించాల్సింది మత్తు డాక్టరే, మన మెషీన్‌కి ఆ గదిలో పనిలేదు. ఫ్రాన్స్‌లో 400 మంది కడుపు ఆపరేషన్ రోగుల మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. వెంటిలేటర్‌తో చిన్నచిన్న ఊపిర్లు ఇస్తూ, ఊపిరితిత్తి ముడుచుకోకుండా కొంత ఒత్తిడి నిలిపి ఉంచి, అరగంటకోసారి వాటిని విప్పారేలా చేస్తే, వారంలోపు వచ్చే పెద్ద ఇబ్బందులు 27.5 శాతం నుంచి 10.5కి తగ్గాయి. కాబట్టి సర్జన్ ఎవరని అడిగినంత శ్రద్ధగా మత్తు ఎవరిస్తున్నారో కూడా అడగండి.

అలాగని కీహోల్ వద్దని కాదు, అప్నియా ఉన్నవాళ్లకి అదే మేలు. పెద్ద కోత ఉంటే నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీసుకోలేం, దగ్గలేం, నొప్పి ఆపడానికి మార్ఫిన్ లాంటివి ఎక్కువ ఇస్తారు. ఆ మందులే అప్నియా మనిషికి అసలు శత్రువులు. ఊపిరిని మందగించేస్తాయి, ఊపిరి ఆగినప్పుడు మెదడు లేపాల్సిన ఆ ఉలికిపాటుని కూడా జోకొడతాయి. పేగు క్యాన్సర్‌కి కీహోల్ పనికొస్తుందా అని 872 మంది మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన 2004లో వచ్చింది. జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదు, ఆసుపత్రిలో ఉండేది 6 రోజుల నుంచి 5కి, మార్ఫిన్ తరహా ఇంజెక్షన్లు వాడింది 4 రోజుల నుంచి 3కి తగ్గాయి. చదివేవాళ్లకి ఒక్క రోజేగా అనిపిస్తుంది. గొంతు మూసుకుపోయే మనిషికి ఆ మందు లేని ఒక్క రాత్రి విలువ వేరు. నాకు పారాసెటమాల్, పొట్ట గోడలో నరాల దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్, ఇంకో నొప్పి మాత్రతో నెట్టుకొచ్చారు. ఆ గ్యాస్ మిగులు వల్ల భుజం మాత్రం బాగా సలిపింది, కుట్ల కంటే అదే ఎక్కువ.

ఇక మెషీన్. సీపాప్‌ని మొదట చేసి చూపించింది ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్, 1981లో, ఐదుగురు రోగుల మీద. ముక్కులోంచి కొంచెం ఒత్తిడితో గాలి పంపుతూ ఉంటే గొంతు గోడలు అతుక్కోవు, అంతకుమించి రహస్యం లేదు. పాత మెషీన్లు రాత్రంతా ఒకే ఒత్తిడి ఇచ్చేవి. ఆటో మోడల్ మాత్రం గొంతు ఎప్పుడు మూసుకుపోతోందో ఊపిరి తీరుని బట్టి కనిపెట్టి, 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య తనే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది. ఆపరేషన్ ఉన్నవాళ్లు ఆటోనే తీసుకోండి అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఆపరేషన్ తర్వాత మన గొంతు రోజుకో రకంగా ఉంటుంది. సెలైన్లు ఎక్కుతాయి, వెల్లకిలా పడుకోబెడతారు, కాళ్లలోని నీరు మెడవైపు చేరుతుంది, గొంతులో గొట్టం వేసి తీసిన వాపు ఒకటి. నెల కిందట సెట్ చేసిన ఒకే ఒత్తిడి ఆ రాత్రికి సరిపోతుందని గ్యారంటీ ఏముంది?

శబ్దం ఫ్యాన్ కంటే తక్కువ, దాని గురించి ఇంకో వాక్యం అనవసరం. ర్యాంప్ అని ఒక సౌకర్యం ఉంది, మొదట తక్కువ ఒత్తిడితో మొదలై నిద్ర పట్టేలోపు మెల్లగా పెరుగుతుంది, కొత్తవాళ్లకి అది లేకపోతే ఊపిరాడనట్టు టెన్షన్ పుడుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గించే సెట్టింగు కూడా ఆన్ చేయించుకోండి. గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ లేని మోడల్ చవగ్గా వస్తోందని తీసుకుంటే పొద్దునకి గొంతు ఎండి దగ్గు మొదలవుతుంది. కడుపు మీద కుట్లు ఉన్న మనిషికి దగ్గు ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు, కాబట్టి అక్కడ పిసినారితనం వద్దు. పొద్దున లేవగానే తెరమీద గంటలు, లీకు, ఏహెచ్ఐ చూపిస్తుంది, అది చూసి అలవాటు పడితే డాక్టరుగారి కంటే ముందు మనకే తెలిసిపోతుంది ఏ రాత్రి బాగోలేదో.

మాస్క్ విషయానికొస్తే, నాతో వచ్చింది ముక్కుని మాత్రమే కప్పేది. ఇంట్లో బాగానే ఉంది. నోరు తెరుచుకు పడుకునే రాత్రుల్లో గాలంతా నోట్లోంచి పోయి మెషీన్ బుసలు కొట్టేది. ఆపరేషన్ తర్వాత ముక్కులో గొట్టం ఉండే అవకాశం ఉంటే అసలు సీలు పడదు, గొట్టం పక్కనుంచి లీకవుతుంది. ఇప్పుడు చాలా చోట్ల కీహోల్ పేగు ఆపరేషన్లకి ముక్కు గొట్టం మామూలుగా ఉంచడం మానేశారు, డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ మొదలుపెట్టిన త్వరగా కోలుకునే పద్ధతి పుణ్యమా అని. అయినా అవసరం పడితే వేస్తారు కాబట్టి నోరూ ముక్కూ రెండూ కప్పే మాస్క్ ఒకటి అదనంగా ఉంచుకోండి. కంపెనీలు బాక్సులో ఒకే సైజు పెట్టి పంపడం నాకు అర్థం కాని విషయం, చెప్పులు కూడా సైజు అడిగే ఇస్తారు కదా. పట్టీ బిగిస్తే చెంపల మీద గాట్లు, వదులు చేస్తే కళ్లలోకి గాలి. ఒక మార్కు అందుకే కోశాను.

అసలు కథ ఆసుపత్రిలో. మెషీన్ తెచ్చుకోమని మత్తు డాక్టరుగారే చెప్పారు, తెచ్చుకున్నాం. అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అదే అంటాయి, ఇంట్లో వాడేవాళ్లు ఆసుపత్రిలోనూ ఆపకుండా వాడాలని. కానీ వార్డులో నైట్ డ్యూటీ సిస్టర్ దాన్ని ప్లగ్‌లో పెట్టనివ్వలేదు. బయటి ఎలక్ట్రికల్ సామాను కాబట్టి ఆసుపత్రి పరికరాలు చూసుకునే బయోమెడికల్ వాళ్ల సంతకం కావాలట, ఆ సంతకం పెట్టేవాళ్లు పొద్దునే వస్తారట. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి "97 చూపిస్తోందమ్మా, మీకేం భయం లేదు" అన్నారు. అక్కడే ఉంది చిక్కు. ఆక్సిజన్ అంకెని నిలబెడుతుంది, గొంతుని తెరవదు. ఊపిరి ఆగుతూనే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉంటుంది, వేలికి పెట్టిన క్లిప్‌లో మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మా ఆయన డ్యూటీ డాక్టరుని పిలిపించి గొడవపడితే తలవైపు మంచం ఎత్తి కూర్చున్నట్టు పడుకోబెట్టారు. అది కూడా నిజంగా పనిచేసే ఉపాయమే, వెల్లకిలా పడుకుంటేనే గొంతు ఎక్కువ మూసుకుపోతుంది. మర్నాడు సంతకం దొరికింది, మెషీన్ నడిచింది. మీరైతే అడ్మిషన్ రోజే మెషీన్ చూపించి ఆ సంతకం పెట్టించేసుకోండి, ఆక్సిజన్ కలపడానికి గొట్టంలో పెట్టే చిన్న అడాప్టర్ కూడా అడిగి దగ్గర ఉంచుకోండి.

మొదటి రాత్రి గడిచిందంటే గండం గడిచిందని అందరూ అనుకుంటారు. పరిశోధనలు మాత్రం వేరే మాట చెప్తున్నాయి, నాకు వీటన్నిటిలో పనికొచ్చిన సంగతి ఇదే. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి కలల నిద్ర దాదాపు ఉండదు, నొప్పీ మందులూ దాన్ని మింగేస్తాయి. తర్వాత రాత్రుల్లో అది బాకీ తీర్చుకున్నట్టు తిరిగొస్తుంది. గొంతు కండరాలు బాగా వదులయ్యేది ఆ నిద్రలోనే. టొరంటో బృందం 2014లో ప్రచురించిన కొలతల్లో ఏహెచ్ఐ అన్ని రాత్రుల్లోకీ ఎక్కువగా కనిపించింది మూడో రాత్రి. అదే బృందం 2013లో ఆటో సీపాప్‌నే పరీక్షించింది, 177 మందిని రెండు గుంపులు చేసి. మెషీన్ పెట్టుకున్నవాళ్లలో మూడో రాత్రికి ఏహెచ్ఐ 30 నుంచి 3కి పడిపోయింది, పెట్టుకోనివాళ్లలో 30 దగ్గరే ఉండిపోయింది. ఇంతకంటే మంచి రివ్యూ ఏ మెషీన్‌కి వస్తుంది చెప్పండి? కానీ అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది, అది కంపెనీ బ్రోచర్లలో కనబడదు. మెషీన్ ఇచ్చినా సగం మంది కూడా సరిగ్గా వాడలేదు, వాడిన గంటలు రాత్రికి సగటున 2.4 నుంచి 4.6. వికారం, నొప్పి, మాస్క్ చిరాకు, అన్నీ ఒకేసారి మీద పడితే ఎవరు పెట్టుకుంటారు?

దీన్ని కీహోల్‌తో కలిపి చూడండి. కీహోల్ ఆపరేషన్, దానికి తోడు త్వరగా నడిపించి త్వరగా పంపించే పద్ధతి, అన్నీ సవ్యంగా ఉంటే మూడో రాత్రికి మనిషి ఇంటికి చేరిపోవచ్చు. అంటే ఊపిరి బాగా ఆగే రాత్రికి పక్కన మానిటర్ ఉండదు, సిస్టర్ ఉండదు, ఉండేది ఈ డబ్బా ఒక్కటే. అందుకే ఈ మెషీన్‌ని ఆపరేషన్ వారం కొని ఆసుపత్రికి మోసుకెళ్లడం దండగ అంటాను. మాస్క్ పెట్టుకుని నిద్రపోవడం అనే విద్య నొప్పి లేనప్పుడే నేర్చుకోవాలి. డేటు వాయిదా వేయదగిన ఆపరేషనైతే కొన్ని వారాల వ్యవధి అడగండి, క్యాన్సర్ లాంటిదైతే మెషీన్ అలవాటు కోసం ఆపరేషన్ ఆపకూడదు, ఆ విషయం డాక్టర్లకే వదిలేయాలి. డిశ్చార్జి కాగితంలో నిద్రమాత్ర గానీ, మార్ఫిన్ జాతి నొప్పి మాత్ర గానీ రాశారేమో చూసి, అప్నియా సంగతి మళ్లీ గుర్తుచేయండి, రాసే కుర్ర డాక్టరుకి మన ఫైలు మొత్తం చదివే తీరిక ఉండకపోవచ్చు.

అందరూ అడిగే ఇంకో భయం: ఒత్తిడితో గాలి పంపితే ఆ గాలి కడుపులోకి పోయి కొత్తగా అతికించిన పేగు కుట్లు ఊడిపోవా? గాలి కొంత మింగుతాం, అది నిజమే, పొట్ట ఉబ్బరంగా ఉంటుంది, నాకూ ఉంది. గ్యాస్ ఎప్పుడు పోతుందా అని సర్జన్ నుంచి ఆయా దాకా అందరూ ఎదురుచూసే ఆ రోజుల్లో ఈ అదనపు గాలి చిరాకే. అయితే బరువు తగ్గించే ఆపరేషన్లలో, అంటే అతుకు జీర్ణాశయానికే ఉన్నచోట, వెయ్యి మందికి పైగా రోగుల లెక్కలు చూసి 2002లో ఒక బృందం సీపాప్ వల్ల అతుకు లీకులు పెరగలేదని రాసింది. పెద్దపేగు దానికంటే చాలా కిందుంటుంది. ఉబ్బరం మరీ ఎక్కువైతే గరిష్ఠ ఒత్తిడి తగ్గించమని అడగొచ్చు, మీ అంతట మీరు మెషీన్ ఆపేయకుండా సర్జన్‌ని అడిగి చేయండి.

ఇక ఈ మెషీన్ చేయలేనివి. అప్నియా ఉన్నా లేకున్నా ఆపరేషన్ అయిన వెంటనే అందరికీ సీపాప్ పెడితే న్యుమోనియా తగ్గుతుందేమోనని సుమారు 4,800 మంది పెద్ద కడుపు ఆపరేషన్ రోగుల మీద చూశారు, 2021లో ఫలితం వచ్చింది. తగ్గలేదు. న్యుమోనియా, మళ్లీ గొట్టం వేయడం, చావులు, దేంట్లోనూ లాభం కనిపించలేదు. కాబట్టి "మా పక్కింటాయనకి హెర్నియా ఆపరేషన్, మీ మెషీన్ ఓసారి ఇస్తారా" అని అడిగితే ఇవ్వకండి. గుండెపోటు రాకుండా కాపాడుతుందన్న ప్రచారం కూడా అలాగే ఉంది: అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన 2,700 మందికి పైగా అప్నియా రోగుల మీద చేసిన పరిశోధన 2016లో వచ్చింది, అందులో ఆ లాభం దొరకలేదు. పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది. అందులోనూ వాడినది సగటున 3.3 గంటలే, ఎక్కువ వాడి ఉంటే ఏమయ్యేదో అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవాళ్లకి ఒక మాట. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన సీపాప్ మెషీన్లు లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది, శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందని. అలాంటివి పాత సామాన్ల బేరాల్లో తిరుగుతూ ఉండొచ్చు, సీరియల్ నంబరు చూసుకోకుండా కొనొద్దు. మెషీన్‌తో పాటు వచ్చే పాత మాస్క్, గొట్టం పారేసి కొత్తవి తీసుకోండి.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. మాస్క్ మెత్తని భాగం రోజూ సబ్బునీళ్లతో, గొట్టం వారానికోసారి, నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటర్, రాత్రి మిగిలిన నీళ్లు పారబోయడం. ఓజోన్‌తో శుభ్రం చేసే డబ్బాలు అమ్ముతుంటారు, అవి అనవసరం. ఆపరేషన్ తర్వాత వంగలేని రోజుల్లో ఈ కడుగుడు బాధ్యత మా ఆయన తీసుకున్నారు, ఇప్పటికీ ఆయనే చేస్తున్నారు, నేనేమీ గుర్తుచేయలేదు.

కుట్లు మానాక, కాస్త బరువు తగ్గాక ఒత్తిడి సెట్టింగులు మళ్లీ చూపించుకున్నాను, తగ్గించారు. నోరూ ముక్కూ కప్పే మాస్క్ మాత్రం చిన్న సైజు ఎక్కడైనా సరిగ్గా అమరేది దొరికినవాళ్లుంటే కింద రాయండి, చెంప మీద గీత పడనిది కావాలి.